అత్తయ్యగారి సంచి మీద నల్ల గళ్లు

మొన్నమొన్నటి దాకా క్యూఆర్ కోడ్ అంటే నాకు తోటకూర కట్టకి 20 రూపాయలు పంపే సాధనం, అంతే. కూరల బండి మీద, టీ కొట్టు గోడ మీద, గుడిలో హుండీ పక్కన ఎక్కడ చూసినా ఆ నలుపు తెలుపు గళ్లే కదా. ఫోన్ ఎత్తి పట్టుకోవడం, టింగుమనడం, మన పని మనం చూసుకోవడం. దాన్ని ఎవరో తయారుచేయాలని, అందులోనూ ఉప్పు ఎక్కువైన పప్పులాంటి తప్పులుంటాయని, ఆ తప్పు ఒక మనిషి ప్రాణం మీదికి తేగలదని ఎప్పుడూ అనుకోలేదు. మా అత్తయ్యగారి పుణ్యమా అని అన్నీ తెలిశాయి.

అత్తయ్యగారికి ఇప్పుడు 77 ఏళ్లు. పుట్టిల్లు కొవ్వూరు. గోదావరికి అటు వాళ్ల ఇల్లు, ఇటు మా ఇల్లు. 1968లో ఆవిడ పెళ్లై రాజమండ్రి వచ్చేనాటికి రోడ్డు కమ్ రైలు వంతెన లేదు. అది 1974లో వచ్చింది. అందాకా పుట్టింటికి వెళ్లాలంటే ఆవిడ రేవులో లాంచీ ఎక్కేవారు. ఆ లాంచీ కబుర్లు నా పెళ్లయిన కొత్తలో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఆవిడకి మిగిలినవి ఆ కబుర్లే.

మూడేళ్ల నుంచి మతిమరుపు. మొదట కూరలో రెండుసార్లు ఉప్పు వేసేవారు. తర్వాత భోంచేసి లేచి, ఇంకా వడ్డించలేదేమని అడిగేవారు. ఇప్పుడు ఒక్కోసారి నన్ను వాళ్ల అక్కయ్య అనుకుంటారు. విచిత్రం ఏమిటంటే పొద్దున్నే వాకిట్లో 15 చుక్కల ముగ్గు మాత్రం ఒక్క గీత తప్పకుండా వేస్తారు. తల మర్చిపోయినవి చేతివేళ్లు మర్చిపోలేదు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం గేటు తీసుకుని వెళ్లిపోయారు. గంటన్నర వెతికాం. కంబాల చెరువు దగ్గర టిఫిన్ కొట్టాయన గుర్తుపట్టి కూర్చోబెట్టి, మావారికి ఫోన్ చేశాడు. డాక్టరుగారికి చెబితే, "ప్రతిసారీ తెలిసినవాళ్లే కనబడరమ్మా. ఆవిడ వంటిమీద మీ ఫోన్ నంబరు ఏదో రూపంలో ఉండాలి" అన్నారు.

మా వాడు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "క్యూఆర్ కోడ్ పెట్టమ్మా, ఎవరైనా స్కాన్ చేస్తారు" అన్నాడు ఫోన్లో. నేను చేసిస్తానన్నాడు కూడా. నాకు పౌరుషం వచ్చింది. బీఏ తెలుగు చదివినంత మాత్రాన నాకిది చేతకాదా? అంతా చేసి పెట్టే వెబ్‌సైట్లు ఉన్నాయిగా, వాటిల్లో రాయడమేగా! నేనే చేస్తానన్నాను.

ఇక నా ప్రయోగాలు వినండి.

మొదటిసారి నాకు తోచిందల్లా రాసేశాను. పేరు, ఇంటి చిరునామా, ఇద్దరి ఫోన్ నంబర్లు, బీపీ మాత్రల పేర్లు, బ్లడ్ గ్రూపు, "ఈమెకు జ్ఞాపకశక్తి తగ్గినది, దయచేసి గాభరా పెట్టవద్దు" అని ఒక వినతి. అంతా చక్కటి తెలుగులో. మెడలో వేసే బిళ్లకి సరిపోవాలని 2 సెంటీమీటర్ల సైజులో అచ్చు తీయించాను. చూస్తే గళ్లు కాదు, ఆవపిండి చల్లినట్టుంది. మావారి ఫోన్ చదవలేదు. నా ఫోన్ చదవలేదు. పక్కింటివాళ్ల కొత్త ఫోన్ అయితే ఒకసారి చదివి, రెండోసారి మొండికేసింది.

మా వాడిని అడగక తప్పలేదు. వాడు నవ్వకుండా చెప్పాడు, అది మెచ్చుకోవాలి. "అమ్మా, నువ్వు ఎంత ఎక్కువ రాస్తే అన్ని ఎక్కువ గళ్లు వస్తాయి. అతి చిన్న కోడ్ 21 గళ్లు అడ్డం, 21 నిలువు. అక్కడినుంచి నాలుగేసి గళ్ల చొప్పున పెరుగుతూ 177 దాకా వెళ్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. 'క్రి' అని నువ్వు ఒక్క అక్షరం అనుకుంటావు. కంప్యూటర్‌కి అది క, పొల్లు, ర, గుడి. నాలుగు గుర్తులు, 12 బైట్లు."

గుండె కలుక్కుమంది. ఇన్నాళ్లూ మన ఒత్తులు, గుణింతాలు అంటే నాకున్న మురిపెం అంతా ఇంతా కాదు. అవి ఇంత బరువని ఇప్పుడే తెలిసింది. నేను రాసిందంతా కలిపి సుమారు 650 బైట్లట. దానికి 97 అడ్డం, 97 నిలువు గళ్లు. 2 సెంటీమీటర్లలో అన్ని ఇరికిస్తే ఒక్కో గడి 0.2 మిల్లీమీటర్లు. ఫోన్ కెమెరా మాత్రం ఏం చేస్తుంది?

ఆ కాగితాలన్నీ నేలమీద పరుచుకుని దిగాలుగా కూర్చుంటే అత్తయ్యగారు వచ్చి చూశారు. కాసేపు చూసి, "ఇన్ని చుక్కలు ఇంత చిన్న వాకిట్లో పెడితే ముగ్గు ఎలా కుదురుతుందే? చుక్కలు తగ్గించు. లేకపోతే వాకిలి పెంచు" అన్నారు.

నేను తెల్లబోయాను. మా వాడు పావుగంట చెప్పింది ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేశారు.

సరే, చుక్కలు తగ్గించే దారి వెతికాను. ఒక వెబ్‌సైట్‌లో ఇలా ఉంది: మీ వివరాలన్నీ మా దగ్గర ఒక పేజీలో పెట్టుకోండి, కోడ్‌లో ఆ పేజీకి వెళ్లే చిన్న లింకు మాత్రమే ఉంటుంది, వివరాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. "డైనమిక్" కోడ్ అంటారట. ఉచితం అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ఇంకేం, ఎగిరి గంతేశాను. గళ్లు తగ్గాయి, స్కాన్ చేస్తే అత్తయ్యగారి ఫోటోతో సహా చక్కటి పేజీ వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నలుపు తెలుపు అశుభంగా ఉందనిపించి, గంధం రంగు మీద పసుపు గళ్లు పెట్టాను. కంటికి ఎంత ముచ్చటగా ఉందో! ఫోన్‌కి మాత్రం ఏమీ కనబడలేదు. కెమెరా రంగులు చూడదట, ముదురూ లేతా తేడా చూస్తుందట. గళ్లు ముదురుగా, నేల లేతగా ఉండాలి. పోనీ అని నల్ల నేల మీద తెల్ల గళ్లు చేశాను. ఒక ఫోన్ చదివింది, ఒకటి చదవలేదు. తిరగేస్తే కొన్ని ఫోన్లకి అర్థం కాదు. వచ్చి వచ్చి మళ్లీ నలుపు తెలుపుకే చేరాను.

స్టీలు బిళ్ల మీద చెక్కే కుర్రాడు "ఫైలు పంపండాంటీ" అంటే, ఫోన్‌లో కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి మెసేజిలో ఫోటోగా పంపేశాను. అలా పంపితే సైజు తగ్గిపోయి గళ్ల అంచులు అలుక్కుపోతాయట. అతనే మంచివాడు, "ఇది మసగ్గా ఉంది, ఎస్‌వీజీ గానీ పీడీఎఫ్ గానీ డాక్యుమెంట్‌గా పంపండి" అని చెప్పాడు. పంపాను. బిళ్ల తయారైంది. స్టీలు తళతళలాడుతోంది. ఎండలో స్కాన్ చేస్తే మెరుపు తప్ప ఏమీ కనబడదు, కాస్త వాల్చి పట్టుకుంటే చదువుతుంది. పరవాలేదులే అనుకున్నాను.

అప్పుడే మావారితో చిన్న గొడవ. "వెనకాల ఫోన్ నంబరు మామూలు అంకెల్లో కూడా చెక్కించు" అన్నారు. "అన్నీ కోడ్‌లో ఉన్నాయిగా, మళ్లీ అదెందుకు, పశువుల మెడలో బిళ్లలా ఉంటుంది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్తూ బిళ్ల తీసుకెళ్లి, చెక్కించుకొచ్చేశారు. నేను రెండు రోజులు ముభావంగా ఉన్నాను కూడా.

కార్తీకమాసం వచ్చింది. ఒక తెల్లవారుజామున నేను తులసికోట దగ్గర దీపం పెట్టుకుంటున్నాను. మావారు స్నానానికి వెళ్లారు. గేటు గొళ్లెం చప్పుడు విన్నట్టే ఉంది, పాలబ్బాయి అనుకున్నాను. లోపలికొచ్చి చూస్తే అత్తయ్యగారి మంచం ఖాళీ. ఆకూ వక్కా పెట్టుకునే గుడ్డసంచి కూడా లేదు.

కార్తీకమాసంలో మా ఊరు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి తెలుసు. రేవులన్నీ జనం. మావారు స్కూటర్ మీద కంబాల చెరువు వైపు వెళ్లారు, పోయినసారి అక్కడే దొరికారని. నేను వీధి చివర నుంచుని కనబడినవాళ్లనల్లా అడుగుతున్నాను. చేతిలో ఫోన్ చెమటకి జారిపోతోంది.

ఏడు దాటాక ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఒక అమ్మాయి గొంతు.

"ఆంటీ, ఇక్కడ కోటిలింగాల రేవులో ఒక మామ్మగారు కూర్చున్నారండి. కొవ్వూరు లాంచీ ఎప్పుడొస్తుందని అందర్నీ అడుగుతున్నారు. మీ వాళ్లేనా అండి?"

మేం వెళ్లేసరికి ఆవిడ చివరి మెట్టుకి రెండు మెట్లు పైన కూర్చుని ఉన్నారు. కాళ్ల మీదికి నీళ్లు వస్తున్నాయి. సంచి ఒళ్లో పెట్టుకుని, ప్రయాణానికి సిద్ధంగా. నన్ను చూసి, "లాంచీ ఆలస్యమైందే" అన్నారు. ఆ అమ్మాయి ఆవిడ పక్కనే, చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాలేజీ పిల్ల, అమ్మతో స్నానానికి వచ్చిందట.

దణ్ణం పెట్టాను. చిన్నపిల్ల అని కూడా చూడలేదు. ఆ పిల్ల ఖంగారు పడిపోయి, తర్వాత కాస్త మొహమాటంగా చెప్పింది. "మొదట ఆ కోడ్ స్కాన్ చేశానండి. ఈ కోడ్ గడువు అయిపోయింది, డబ్బు కట్టి ప్లాన్ తీసుకోండి అని వచ్చింది. ఏదో మోసమేమోనని భయమేసి మూసేశాను. మామ్మగారు అటు తిరిగినప్పుడు వెనకాల నంబరు కనబడింది. అది కూడా అరిగినట్టుందండి, ఎనిమిదిని మూడు అనుకుని చేస్తే ఎవరో విశాఖపట్నం ఆయన ఎత్తారు. మళ్లీ చూసి చేశాను."

నాకు నోట మాట రాలేదు. పక్కనే మావారు ఉన్నారు. నావైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే ఏడ్చేసేదాన్ని.

ఇంటికొచ్చాక ఆ వెబ్‌సైట్ తెరిచి చదివాను. చిన్న అక్షరాల్లో ఉంది: ఉచితం 14 రోజులే. నేను కోడ్‌ని మొదటి రోజు పదిసార్లు స్కాన్ చేసి చూసుకున్నాను. పదిహేనో రోజు ఒక్కసారి కూడా చూడలేదు. నెలపైన అత్తయ్యగారు మెడలో ఒక చెల్లని కాగితం వేసుకుని తిరిగారు. నేను ధైర్యంగా నిద్రపోయాను.

ఆ రాత్రి మా వాడు ఫోన్‌లో గంటసేపు కూర్చోబెట్టి నేర్పాడు. ఈసారి పౌరుషం పక్కన పెట్టి నోట్సు రాసుకున్నాను.

వాడు చెప్పిన మొదటి మాట: క్యూఆర్ కోడ్‌కి గడువు ఉండదు. ఆ గళ్లలో ఏది రాస్తే అది అలాగే ఉంటుంది, శాసనం లాగా. గడువు ఉండేది మధ్యలో ఉన్న లింకుకి. నేను చేసిన పని ఇంటికి దారి చెప్పమంటే "ఫలానా కొట్టాయన్ని అడగండి" అని రాసిపెట్టడం. కొట్టాయన షట్టర్ దించేస్తే అంతే. కాబట్టి ప్రాణానికి సంబంధించినది ఏదైనా నేరుగా గళ్లలోనే ఉండాలి. దీన్ని "స్టాటిక్" అంటారు. రేపు వివరాలు మార్చాలంటే కోడ్ మళ్లీ అచ్చు వేయించుకోవాలి, నిజమే. కానీ ఎవరి దయా అక్కర్లేదు.

రెండో మాట: ఆ స్కాన్ చేసేవాళ్లు ఏం చేయాలని నీ కోరిక? నాకు ఫోన్ చేయాలి. అంతే కదా! మరి చిరునామా ఎందుకు, మాత్రల పేర్లెందుకు? పైగా మతిస్థిమితం లేని పెద్దావిడ ఎక్కడుంటారో ఊరందరికీ చెప్పడం మంచిదా? ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. ఈసారి కోడ్‌లో రాసింది ఇంగ్లీషులో "టెల్" అనే మూడక్షరాలు, రెండు చుక్కలు, ప్లస్ 91, నా నంబరు. మొత్తం 17 బైట్లు. కెమెరా పెట్టగానే నంబరు డయల్ చేయడానికి సిద్ధంగా తెర మీదికి వస్తుంది. ఎనిమిదిని మూడు అనుకునే ప్రమాదం లేదు.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. ఈ కోడ్ కొంత చెడిపోయినా చదవబడుతుందట. సమాచారంతో పాటు, దాన్ని సరిచూసుకునే లెక్క కూడా గళ్లలోనే దాచి ఉంటుందట. నాలుగు స్థాయిలు ఉన్నాయి, ఎల్, ఎమ్, క్యూ, హెచ్ అని. వరసగా సుమారు 7, 15, 25, 30 శాతం దాకా పాడైనా మిగిలినదాన్ని బట్టి పోయింది తెలుసుకుంటుంది.

వాడు ఇది చెబుతుంటే నాకు కాలేజీలో మా మాస్టారి తాళపత్రాల పాఠం గుర్తొచ్చింది. పురుగు తిన్న చోట అక్షరం పోతే పండితులు ఎలా పూరించేవారని అడిగితే, "ప్రాస ఉంది కదా, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు. యతి ఉంది. గణం ఉంది. పద్యం తన కాపలా తనే పెట్టుకుంటుంది. వచనంలో పోయిన అక్షరం పోయినట్టే" అనేవారు. అదే సంగతి మా వాడికి చెప్పాను. వాడు ఒక క్షణం ఆగి, "సరిగ్గా అదేనమ్మా" అన్నాడు. ఈ వయసులో కొడుకు చేత అలా అనిపించుకోవడం చిన్న సంగతేం కాదు.

అయితే కాపలా ఎక్కువైతే గళ్లు కూడా పెరుగుతాయి. నా 17 బైట్లకి హెచ్ పెడితే 29 గళ్లు, క్యూ అయితే 25 గళ్లతో సరిపోతుంది. చిన్న వాకిట్లో పెద్ద గళ్లే మేలని క్యూ ఎంచుకున్నాం. చుట్టూ నాలుగు గళ్ల వెడల్పు తెల్లటి ఖాళీ వదలాలి. అది వదలకపోతే కోడ్ ఎక్కడ మొదలైందో ఫోన్‌కి తెలియదు. అంచుదాకా కోసేస్తే ఎంత మంచి కోడ్ అయినా మూగదైపోతుంది. ఆ ఖాళీతో కలిపి లెక్కేసినా, 2 సెంటీమీటర్లలో ఒక్కో గడి 0.6 మిల్లీమీటర్లు. మొదటిసారి చేసినదానికి మూడింతలు.

ఈ గళ్లను కనిపెట్టింది జపాన్‌లో. 1994లో డెన్సో వేవ్ అనే సంస్థలో మసాహిరో హరా అనే ఇంజనీరు, ఆయన బృందం. కార్ల విడిభాగాల లెక్క తెలుసుకోవడానికట. ఫ్యాక్టరీలో నూనె మరకలు, దుమ్ము తప్పవు కనుక చెడినా చదివే గుణం దానికి మొదట్నుంచీ అవసరమే. మూడు మూలల్లో పెద్ద చతురస్రాలుంటాయి చూడండి, వాటిని ఏ వైపు నుంచి గీత గీసినట్టు చూసినా నలుపు తెలుపుల కొలత 1, 1, 3, 1, 1 గానే వస్తుంది. ఆ వరస చూసే ఫోన్ "ఇదిగో కోడ్" అని పట్టుకుంటుంది. నాలుగో మూలలో అది ఉండదు కనుక ఏది పైనో ఏది కిందో తెలుస్తుంది. ఒకటే జాగ్రత్త, ఆ మూడు మూలలకీ కాపలా లేదు. గళ్ల మధ్య పసుపు మరక పడితే క్షమిస్తుంది గానీ, మూల చతురస్రం చిరిగితే కష్టం.

ఇక ఎక్కడ పెట్టాలన్నది మా అమ్మాయి తేల్చింది. ఇంటర్ చదువుతోంది, ఎక్కువ మాట్లాడదు. "అమ్మా, తెలియని మగవాళ్లు మామ్మ మెడ దగ్గరికి ఫోన్ తీసుకెళ్తారా? వెళ్తే మామ్మ ఊరుకుంటుందా?" అంది. నిజమే! కోడ్ ఎంత వెడల్పు ఉంటే దానికి పదింతల దూరం నుంచి చదవొచ్చని ఒక లెక్క. 2 సెంటీమీటర్ల కోడ్‌కి 20 సెంటీమీటర్లు. అంటే మెడలోకి తొంగిచూడాలి. గాజు మీద పెడితే వంపు తిరిగి గళ్లు సాగుతాయి. ఆలోచించి ఆలోచించి ఆవిడ సంచి దగ్గర ఆగాం. ఎక్కడికి వెళ్లినా, మతి ఉన్నా లేకపోయినా, ఆ ఆకువక్కల సంచి లేకుండా గుమ్మం దాటరు.

సంచి మీద కుట్టిన గుడ్డముక్కకి ఇప్పుడు మూడు ఉన్నాయి. పైన పెద్ద తెలుగు అక్షరాల్లో "ఈమె దారి మర్చిపోతారు. దయచేసి ఫోన్ చేయండి." దాని కింద నంబరు, పెద్ద అంకెల్లో. దాని కింద 5 సెంటీమీటర్ల కోడ్, "ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి" అని. ఈ చివరి మాట ఎందుకో నాకు తర్వాత తెలిసింది. మన వాళ్లకి కోడ్ కనబడగానే చెయ్యి డబ్బులు పంపే యాప్ మీదికి వెళ్తుంది. కూరల బండి అబ్బాయికి ఇచ్చి పరీక్షిస్తే అతనూ అదే చేశాడు. చెల్లని కోడ్ అని వచ్చింది. "పాడైందమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు. కెమెరాతో చూడమంటే క్షణంలో నా ఫోన్ మోగింది.

గుడ్డ మెరవదు, అది ఇంకో లాభం. రెండుసార్లు ఉతికాను. కొంచెం పసుపు రాశాను. సందెచీకట్లో చూశాను, తలకిందులుగా చూశాను. మా ఇంట్లో ఉన్న అతి పాత ఫోన్, అద్దం పగిలింది, దాంతో కూడా చూశాను. మా అమ్మాయి నవ్వింది గానీ, నేను ఊరుకోలేదు. బిళ్ల మీద కూడా కొత్త నంబరు లోతుగా చెక్కించాం, ఈసారి నేనే వెళ్లి.

కోడ్ పెట్టినా నంబరు ఎందుకని అడిగినదాన్ని నేను. నంబరు ఉండగా కోడ్ ఎందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే రెండూ ఎందుకో చెప్పగలను. అంకె అరిగితే కోడ్ ఉంటుంది. ఫోన్‌లో చార్జింగ్ లేనివాడికి, కెమెరా వాడటం రానివాడికి అంకె ఉంటుంది. రెండూ పనికిరాని చోట చెయ్యి పట్టుకుని కూర్చునే మనిషి ఒకరు ఉండాలి. అది మనం అచ్చు వేయించలేం.

ప్రతి నెలా ఒకటో తారీకున పాల లెక్క రాసుకునేటప్పుడు, మావారి ఫోన్‌తో సంచి మీద కోడ్ స్కాన్ చేస్తాను. నా ఫోన్ మోగితే పెట్టేస్తాను. నా నంబరుకి రీచార్జి మర్చిపోతే ఎంత గట్టి కోడ్ అయినా వట్టిదే కదా. మీ ఇంట్లో కూడా ఏ పెళ్లి శుభలేఖకో, ఊరగాయ సీసాకో, పెద్దవాళ్ల కోసమో కోడ్ చేసుకుంటే, చేసిన రోజు కాకుండా నెల తర్వాత ఒకసారి చూసుకోండి. మీ ఫోన్‌తో కాదు, మరొకరి ఫోన్‌తో.

ఆ రేవులో అమ్మాయి సంక్రాంతికి వాళ్ల అమ్మగారితో మా ఇంటికి వచ్చింది. అత్తయ్యగారు గుర్తుపట్టలేదు. కానీ అరిసెలు ఇమ్మని నాకు మూడుసార్లు చెప్పారు.

మొన్న పొద్దున్న ముగ్గు వేయడం అయ్యాక, అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుని ఆ గళ్లకేసి చాలాసేపు చూశారు.

"ఎవరు వేశారే ఈ ముగ్గు?"

"నేనే అత్తయ్యగారూ."

మళ్లీ చూశారు. వేలితో ఒక మూల, రెండో మూల, మూడో మూల తడిమారు.

"బానే వేశావు గానీ, నాలుగో మూల మర్చిపోయావు" అన్నారు.